మొదటి వారం భోజనం ఆగదు, కాగితం అడగడం ఆగింది

మా దుకాణంలో భోజనం తీసుకునే మీ అందరికీ నమస్కారం.

వచ్చే నెల 1వ తేదీ నుంచి భోజనం పెట్టె ధర 13 డాలర్ల నుంచి 14.50 డాలర్లకు పెరుగుతుంది. సోమవారాలు దుకాణం మూసి ఉంటుంది. పచ్చళ్ళ ధరలూ పొడుల ధరలూ ఇప్పుడున్నట్లే ఉంటాయి. ఇంతవరకే అయితే ఒక కాగితం మీద రాసి తలుపుకు అంటిస్తే సరిపోయేది. కానీ పోయిన వారం, మేము దుకాణం తెరిచిన రోజుల నుంచి మా దగ్గర భోజనం తీసుకుంటున్న ఒక పెద్దాయన డబ్బులు ఇస్తూ మర్యాదగానే ఒక మాట అడిగారు. "ఈ దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి వారం ఊరికే పెడతారు కదమ్మా, ఆ ఖర్చు మా పెట్టెల మీద వేస్తున్నారా?" అని. వెనక నలుగురు నిలబడి ఉండడంతో నేను ఏదో సర్ది చెప్పి పంపించాను. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న కాబట్టి అందరికీ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

మా వంటింట్లో నలుగురు పని చేస్తారు. ఇక్కడ కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో కనీస వేతనం 2024 అక్టోబరు 1 నుంచి గంటకు 17.20 డాలర్లు, 2025 అక్టోబరు 1 నుంచి 17.60 డాలర్లు అయింది. రోజంతా పొయ్యి దగ్గర నిలబడే మనిషికి అది ఎక్కువ అని నేను అనలేను. దుకాణం అద్దె ఒప్పందం తిరగరాసినప్పుడు అద్దె పెరిగింది. 2023 జులైలో భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు సోనా మసూరి బస్తాల కోసం జనం ఎలా ఎగబడ్డారో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2024 సెప్టెంబరు చివర ఆ నిషేధం తొలగిపోయినా, మేము కొనే చోట బస్తా పాత ధరకు దిగిరాలేదు. కందిపప్పులో మసూరు పప్పు కలిపితే ఖర్చు తగ్గుతుందని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. మసూరు ఈ దేశంలోనే సస్కాచెవాన్‌లో విరివిగా పండుతుంది, చవకగా దొరుకుతుంది. అయినా పప్పు అని చెప్పి పెట్టేదాంట్లో కంది తప్ప మరొకటి వెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ వేరే ఉంది. మా సాయంత్రం పెట్టెల్లో సగం విద్యార్థులవి. 2024 జనవరిలో కెనడా ప్రభుత్వం కొత్త విద్యార్థి అనుమతులను ఆ ఏడాదికి సుమారు 3,60,000కు పరిమితం చేసింది. అదే నెల నుంచి, ఇక్కడ చదువుకోవడానికి వచ్చే ఒక్క మనిషి జీవన ఖర్చులకు తన దగ్గర ఉందని చూపించవలసిన సొమ్ము 10,000 డాలర్ల నుంచి 20,635 డాలర్లకు పెరిగింది. వచ్చేవారు తగ్గారు. ఉన్నవారు కూడా ఇద్దరు కలిసి ఒక పెట్టె తీసుకుంటున్నారు, నాకు కనిపిస్తూనే ఉంది.

ఇక ఉచిత భోజనం లెక్క చెబుతాను. నెలకు సుమారు 30 పెట్టెలు అలా వెళ్తాయి. ఒక్కో పెట్టెకు మాకు అయ్యే ఖర్చు 7 డాలర్ల దాకా ఉంటుంది. అమ్మే పెట్టెలు నెలకు 1,700 వరకు ఉంటాయి కాబట్టి, మీరు కొనే ఒక్కో పెట్టె మీద అది సుమారు 12 సెంట్లు పడుతుంది. అంటే పెద్దాయన ప్రశ్నకు జవాబు అవును అనే. పెంచిన 1.50లో ఆ 12 సెంట్లు కూడా ఉన్నాయి. ఇన్నాళ్ళూ అది మా లాభంలో నుంచి పోయేది, ఇప్పుడు ఆ లాభం లేదు. మీకు చెప్పకుండా మీ డబ్బుతో నేను మంచిదాన్ని అనిపించుకోవడం సరికాదు కనుక చెబుతున్నాను. ఆ 12 సెంట్లు ఇవ్వడం ఇష్టం లేనివారు ఆ మాట అంటే చాలు, తగ్గించి తీసుకుంటాము. కారణం అడగము, మొహం ముడుచుకోము.

అంత కష్టంగా ఉంటే ఆ భోజనం ఆపెయ్యవచ్చు కదా అని మావారితో సహా ఇద్దరు ముగ్గురు అన్నారు. ఎందుకు ఆపలేనో చెప్పాలంటే 2009 జనవరి సంగతి చెప్పాలి.

మేము గుడివాడ నుంచి వచ్చి అప్పటికి నాలుగు రోజులు. టొరంటో నగరానికి తూర్పు వైపున ఉండే స్కార్‌బరోలో లారెన్స్ అవెన్యూకు దగ్గరలో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో దిగాము. మావారికి వచ్చిన రెండో రోజే జ్వరం పట్టుకుంది. ఒంటారియోలో అప్పట్లో కొత్తగా వచ్చినవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా మూడు నెలల తర్వాతే మొదలయ్యేది, ఆ నిబంధన 2020 మార్చిలో గాని పోలేదు. డాక్టరు దగ్గరకు వెళ్తే ఎంత అడుగుతారో తెలియక, ఊరి నుంచి తెచ్చుకున్న మాత్రలే వేసుకుంటూ ఆయన పడుకుని ఉన్నారు. పని వెతుక్కోవాలంటే ముందు సిన్ నంబరు, అంటే ఇక్కడ పని చేసేవారికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య కావాలి. ఆ తొమ్మిది అంకెల కోసం నేను ఒక్కదాన్నే ప్రభుత్వ కార్యాలయానికి బయలుదేరాను. కాళ్ళకు విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్న గుడ్డ బూట్లు వేసుకున్నాను. మంచు అంటే చలి అనుకున్నాను గాని, తడి అని నాకు తెలియదు. బస్సు ఆగే చోటికి చేరేసరికే మేజోళ్ళు తడిసిపోయాయి.

54 నంబరు బస్సు వచ్చింది. నా దగ్గర ఉన్నది ఒకే ఒక 20 డాలర్ల నోటు. టికెట్టు 2.75 డాలర్లు. డ్రైవరు చిల్లర ఇవ్వరని, సరిపడా నాణేలు డబ్బాలో వెయ్యాలని అప్పుడే తెలిసింది. వెనక జనం, ముందు డ్రైవరు, చేతిలో పనికిరాని నోటు. దిగిపోదామని వెనక్కి తిరిగాను. ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వచ్చి తన టోకెను ఒకటి డబ్బాలో వేసి, డ్రైవరు చేతిలో నుంచి ట్రాన్స్‌ఫర్ కాగితం తీసి నాకిచ్చి, "ఇది పారెయ్యకు బేటీ, తర్వాత రైలుకు కూడా ఇదే" అన్నారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను నోటు చాపితే నా చేతిని వెనక్కి మడిచేశారు.

ఆమె దక్షిణ అమెరికాలోని గయానా దేశస్థురాలు. వృద్ధులు ఉండే ఒక నివాసంలో సాయంత్రం పనికి వెళ్తున్నారు. తమ నానమ్మగారి అమ్మ మద్రాసు నుంచి ఓడలో చెరకు తోటల పనికి వచ్చారని, ఏ ఊరో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదని చెప్పారు. 1838 నుంచి 1917 దాకా బ్రిటిష్ గయానా తోటలకు మన దేశం నుంచి ఒప్పంద కూలీలు వెళ్ళారని, మద్రాసు రేవు నుంచి వెళ్ళినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారని నేను చాలా ఏళ్ళ తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం ఆవిడ మాటల్లో సగమే అర్థమయ్యాయి.

లారెన్స్ ఈస్ట్ స్టేషనులో దిగి స్కార్‌బరో రైలు కోసం నిలబడ్డప్పుడు ఆవిడ చూపు నా కాళ్ళ మీద పడింది. (ఆ రైలు ఇప్పుడు లేదు. 2023 జులై 24న పట్టాలు తప్పిన తర్వాత మళ్ళీ నడవలేదు.) బెంచీ మీద కూర్చోమని, తన సంచిలో నుంచి పనిలో వేసుకునే ఉన్ని మేజోళ్ళు తీశారు. నా తడి మేజోళ్ళు విప్పించి అవి తొడిగించి, వాటి మీద బ్రెడ్డు వచ్చే ప్లాస్టిక్ సంచులు రెండు చుట్టి, ఆ పైన బూట్లు వెయ్యమన్నారు. నీళ్ళు లోపలికి రావని, ఈ చలికాలం గడవాలంటే వాడిన బూట్లు అమ్మే దుకాణంలో ఒక జత కొనుక్కోమని చెప్పారు. ఇంట్లో ఎవరున్నారని అడిగితే మావారి జ్వరం సంగతి చెప్పాను. ఆరోగ్య కార్డు లేనివారిని కూడా చూసే సామాజిక ఆరోగ్య కేంద్రాలు ఉంటాయని, ఏదైనా తెలియకపోతే ఫోనులో 211 నొక్కి అడగవచ్చని, ఆ ట్రాన్స్‌ఫర్ కాగితం వెనకే రాసి ఇచ్చారు. చివరికి, స్కార్‌బరో సెంటరులో దిగే ముందు, ఐస్‌క్రీము డబ్బా ఒకటి నా చేతిలో పెట్టారు. పొద్దున చేసిన పప్పట. జీలకర్ర, వెల్లుల్లి వేసి "చుంకే" చేశానన్నారు. అది వాళ్ళ మాటలో తాలింపు. అది ఆవిడ రాత్రి భోజనం అని నాకు అర్థమయ్యేలోపు రైలు తలుపులు మూసుకున్నాయి.

ఆ సాయంత్రం నాలుగు రోజుల తర్వాత మావారు పొట్టనిండా తిన్నారు. మర్నాడు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాము. ఆ తర్వాత మూడు వారాలు డబ్బా తిరిగి ఇద్దామని అదే సమయానికి అదే బస్సు ఎక్కాను. ఆవిడ కనిపించలేదు. పేరు అడగాలని కూడా ఆ రోజు నాకు తోచలేదు. మా వంటింట్లో జీలకర్ర పోసుకునేది ఆ డబ్బాలోనే.

ఇంత తెలిసిన నేను గత చలికాలంలో చేసిన పని మీకు చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. ఇక్కడ ఏడాదికి పైగా ఉంటున్నవారు ఇద్దరు కొత్తగా వచ్చామని చెప్పి పెట్టెలు తీసుకున్నట్లు నాకు తెలిసింది. బేరం తగ్గిన చిరాకులో ఉన్నానేమో, పాస్‌పోర్టులో వచ్చిన తేదీ ముద్ర చూపిస్తేనే మొదటి వారం భోజనం ఇస్తామని ఒక బోర్డు రాసి పెట్టాను. ఆ వారమే వరంగల్లు నుంచి వచ్చిన ఒక అమ్మాయి సాయంత్రం ఏడింటికి మంచులో నడిచి వచ్చింది. పాస్‌పోర్టు గదిలో ఉందని చెప్పింది. రేపు తెచ్చి తీసుకొమ్మన్నాను. "సరే అక్కా" అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ వారమంతా బ్రెడ్డూ అరటిపళ్ళతో గడిపిందని, ఇంకో చోటికి గది మారిందని పది రోజుల తర్వాత ఆమె గదిలోనే ఉన్న మరో అమ్మాయి చెప్పింది. ఆ అమ్మాయి బూట్ల వైపు నేను చూడను కూడా లేదు.

బోర్డు ఆ రోజే తీసేశాను. కానీ ఎందుకు తీశానో ఎవరికీ చెప్పలేదు. అందుకే మొదటి వారం భోజనం ఆగిపోయిందని కొందరు, కాగితాలు అడుగుతారని కొందరు ఇప్పటికీ అనుకుంటున్నారు. రెండూ నిజం కాదు. కొత్తగా వచ్చామని చెప్పినవారికి వారం రోజులు పెట్టె ఇస్తాము, పేరు గాని వచ్చిన తేదీ గాని అడగము. ఇదివరకు రెండు పూటలా ఇచ్చేవాళ్ళం, ఇక మీద ఒక పూట మాత్రమే ఇవ్వగలము. అందుకు బాధగా ఉంది గాని, ఇప్పుడు మా శక్తి అంతే. అబద్ధం చెప్పి తీసుకునేవారు నెలకు ఇద్దరు ఉన్నా ఆ నష్టం లెక్కలోనే ఉంది.

ఆ అమ్మాయి గాని, ఆమెను ఎరిగినవారు గాని ఇది చదివితే ఒక మాట. ఆమెకు రావలసిన ఏడు రోజుల పెట్టెలు పుస్తకంలో రాసి ఉంచాను. పాత లెక్క ప్రకారం రెండు పూటలకు పధ్నాలుగు. ఎప్పుడు వచ్చినా తీసుకోవచ్చు, సోమవారం తప్ప.