రాళ్ల మొక్క కొన్నవాళ్లు ఆ చీటీ చింపేయండి

జనవరిలో మన దగ్గర లిథాప్స్, అదే మీరు రాళ్ల మొక్క అంటారే అది, కొన్న అందరికీ కుండీతో పాటు ఒక చీటీ ఇచ్చాను. ‘పది రోజులకోసారి నీళ్లు’ అని. అది తప్పు.

ఫిబ్రవరి నుంచి వాట్సాప్‌లో ఫోటోలు మొదలయ్యాయి. ‘అన్నా, ముడతలు పడుతోంది’, ‘మెత్తబడింది, ఏం చేయాలి?’ నేనూ వెనకాముందూ చూడకుండా ‘ఇంకొంచెం నీళ్లు పోయండి’ అని జవాబిచ్చాను. బెంగళూరు వాతావరణం మీదికి నెట్టేద్దామని ఒక పూట అనిపించిన మాట కూడా నిజమే. కానీ మా మిద్దె మీద నా ట్రేలోనే 40 కుండీల్లో 26 పోయాయి. నా చీటీ నమ్మి నేనూ పోశాను మరి.

కుళ్లినదాన్ని ఒకదాన్ని పేపర్ మీద పెట్టి బ్లేడుతో నిలువుగా కోశాను. పైతోలు కింద అంతా జిగట. నడిమధ్యలో మాత్రం బఠానీ గింజంత కొత్త ఆకుల జత, పచ్చగా, గట్టిగా. పక్కన చిక్కుళ్లు ఒలుస్తున్న మా అమ్మ తొంగి చూసి ‘కొబ్బరికాయలో పువ్వు మాదిరి ఉందే’ అంది. నాకు అప్పుడు వెలిగింది. కొబ్బరి పువ్వు కాయలో నీళ్లు తాగి పెరిగినట్టే, ఇందులో కొత్త జత పాత జతలోని నీళ్లు లాక్కుని పెరుగుతుంది. ఈ మొక్కకు ఉన్నవే రెండాకులు, ఏడాదికోసారి మార్చుకుంటుంది. పాతవి పాము కుబుసంలా ఎండి రాలాలి. మీరు చూసిన ముడతలు దాహం వల్ల వచ్చినవి కావు. ఆ టైంలో నీళ్లు పోస్తే పాతాకులు ఎండనంటాయి, కొత్తవి మధ్యలో ఇరుక్కుంటాయి, లేదంటే మొత్తం కుళ్లుతుంది.

దీని సొంత గడ్డ దక్షిణాఫ్రికా, నమీబియాల ఎండు రాతినేలలు. 1811లో బర్చెల్ అనే ఇంగ్లిష్ యాత్రికుడు గులకరాయి అనుకుని చేతిలోకి తీసుకున్నాకే మొక్కని తెలిసింది. అక్కడ ఒళ్లంతా మట్టిలో ఉంటుంది, నెత్తి ఒక్కటే బయట. నెత్తి మీద గాజులా, కాస్త ముదురుగా కనిపించే మచ్చలు కిటికీలు. మా సీమ మిద్దెలకు గవాక్షి ఉంటుంది చూడండి, అలా వెలుతురు పైనుంచి లోపలికి దిగి, మట్టిలో ఉన్న పచ్చని పక్కగోడలకు తగులుతుంది. బాల్కనీలో వెలుతురు చాలకపోతే ఇది పొడుగ్గా సాగి రూపం చెడుతుంది.

ఇంకోటి, ఇది గాలి పీల్చుకునేది రాత్రిపూట. పగలు రంధ్రాలు మూసుకుని నీళ్లు కాపాడుకుంటుంది. అందుకే రాత్రి చల్లబడే ఊళ్లో దీనికి సుఖం. చెన్నైకి కొరియర్ అడుగుతున్నవాళ్లు ఏమనుకోవద్దు, అక్కడి ఉక్క రాత్రులకు పంపే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు ఇంట్లో బతికున్నవాటికి: పాతాకులు పూర్తిగా కాగితమయ్యేదాకా చుక్క వద్దు. తర్వాత కూడా, పక్కలు వేలితో నొక్కితే గట్టిగా ఉంటే పోయొద్దు. సాయంత్రం వాన తగలని చోట పెట్టండి.

పోయినవాటికి డబ్బు వాపసు ఇస్తాను, బిల్లు అక్కర్లేదు. మొక్కే కావాలంటే అక్టోబర్ దాకా ఆగాలి. బయట సరుకు తేవడం మానేసి, నా విత్తనంతో పెంచినవే ఇస్తాను. దీని పువ్వు తన పుప్పొడితో కాయ కట్టదు, వేరే మొక్కది కావాలి. పూలు విచ్చుకునేది మధ్యాహ్నం, అప్పుడు బ్రష్ పట్టుకుని నేనే తుమ్మెద పని చేస్తాను. ఎండిన కాయ మీద నీటిచుక్క వేస్తే కళ్లముందే నోరు తెరుస్తుంది, ఆరితే మూసుకుంటుంది. షాపుకి వస్తే చూపిస్తాను, పిల్లల్ని తీసుకురండి. మొలక పూత దశకు రావడానికి మూడేళ్లు పడుతుంది కాబట్టి ధర 180 రూపాయల నుంచి 250కి పెరుగుతుంది.

ఖాళీ కుండీలు పారేయకండి, తెచ్చివ్వండి. అందులో ఉన్న సిండర్ (కాలిన బొగ్గు గుల్లరాళ్లు) కడిగి మళ్లీ వాడుకుంటాను.