మోటారు వైండింగు ఆడపిల్లలకు కాని పనా?

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు చదివి సర్టిఫికెట్టు అందుకుంది. కాలిపోయిన మోటారులోంచి పాత రాగితీగ చుట్టలు పీకి, గాడుల్లో ఇన్సులేషన్ కాగితం పరిచి, చుట్ల లెక్క తప్పకుండా కొత్త తీగ కూర్చి, వార్నిష్ పట్టించి ఆరబెట్టడం నా కళ్లెదుటే చేసింది. మా ఇంటి బోరు మోటారు నేటికీ ఆ చేతిపనితోనే నడుస్తున్నది. నెల్లూరు తీరాన రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే మోటారు యంత్రాలు (ఏరేటర్లు) తిరుగుతున్నంత కాలం ఈ పనికి కొదవ ఉండదు. అయినా అప్రెంటిస్‌గా చేరబోతే, ఒక వర్క్‌షాపు యజమాని ఆ సర్టిఫికెట్టు చూడనైనా చూడకుండా, "ఆడపిల్లకు ఈ పనెందుకమ్మా, ఎక్కడన్నా బిల్లులు రాసుకో" అని పంపేశారు. ఆ మాట నన్ను ఇంకా బాధిస్తూనే ఉంది.

సమాన వేతన చట్టం 1976లోనే కూలి విషయంలోనే కాక, పనిలో చేర్చుకోవడంలోనూ స్త్రీ పురుష భేదం చూపరాదన్నది. 1992లో దూబగుంట మహిళలు సారాపై పోరాడి గెలిచిన ఈ జిల్లాలో, చేతినిండా పని నేర్చిన పిల్ల గడప దగ్గరే ఆగిపోవడం అన్యాయం.

కార్మిక శాఖ అధికారులు, ఐటీఐల ప్రిన్సిపాళ్లు కలిసి, అప్రెంటిస్‌లను తీసుకునే వర్క్‌షాపుల్లో ఆడవారికి మరుగుదొడ్డి, దుస్తులు మార్చుకునే గది ఉన్నాయో లేదో తనిఖీ చేయాలని, అర్హత ఉన్న అమ్మాయిని తిప్పిపంపితే కారణం రాతపూర్వకంగా అడగాలని కోరుతున్నాను.

— ఒక తల్లి, నెల్లూరు