పొలంలో దిగిన విమానం: ముందు ట్యాంకు సంగతి అడగండి

సంపాదకులకు,

అయ్యా, శిక్షణ విమానం ఏ పొలంలోనో రోడ్డు మీదో దిగితే మన పత్రికల్లో శీర్షిక ఒకటే: 'తప్పిన ముప్పు'. పైలట్ చాకచక్యాన్ని మెచ్చుకుంటారు, చుట్టూ మూగిన జనం ఫొటో వేస్తారు. బయల్దేరేటప్పుడు ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయో మాత్రం ఎక్కడా ఉండదు. చిన్న విమానాల మెకానిక్‌గా రిటైరైన నేను ముందు వెతికేది ఆ అంకె కోసమే.

ఇంజను చెడిపోవడం వేరు, ఇంధనం అయిపోవడం వేరు. రెండోది నేల మీదే తేల్చుకోవాల్సిన లెక్క. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2017లో ఇచ్చిన హెచ్చరిక ప్రకారం, ఇంధనం సరిగా చూసుకోక అక్కడ జరిగే ప్రమాదాలు ఏడాదికి సగటున 50 పైనే. వాటిలో విద్యార్థి పైలట్లు 2 శాతమే. 48 శాతం మంది కమర్షియల్, ఎయిర్‌లైన్ లైసెన్సులున్నవాళ్లు! పిల్లలు భయంకొద్దీ రెండుసార్లు చూసుకుంటారు, చెయ్యి తిరిగినవాళ్లకే ధీమా ఎక్కువ.

శిక్షణకు వాడే చిన్న విమానం సెస్నా 152నే తీసుకోండి. రెండు రెక్కల్లోనూ కలిపి వాడుకోదగ్గది సుమారు 93 లీటర్లు. గంటకు 23 లీటర్ల దాకా తాగుతుంది. కమర్షియల్ లైసెన్సు కావాలంటే 300 నాటికల్ మైళ్ల (సుమారు 555 కిలోమీటర్ల) ప్రయాణం ఒకటి విద్యార్థి తానే నడపాలి. గాలి లేని రోజున అది మూడు గంటల పని, 70 లీటర్లు అక్కడికే చెల్లు. మిగిలిన గంటలో అరగంట ముట్టుకోకూడని నిల్వ. రన్‌వే దాకా నేల మీద నడవడానికీ, పైకెక్కడానికీ అదనంగా పోయేది తీసేస్తే చేతిలో ఉండేది ఏ ఇరవై నిమిషాలో. ఎదురుగాలి వచ్చినా, మబ్బును చుట్టి వెళ్లాల్సి వచ్చినా అందులోంచే. డయల్ మీది ముల్లును నమ్ముకుంటే అంతే సంగతులు. రెక్క మీది మూత తీసి పుల్ల ముంచి చూడాల్సిందే. అడుగునుంచి చిన్న గ్లాసులోకి కాస్త వంపి, ఈ ఇంధనానికి ఉండాల్సిన నీలం రంగుందా, కింద నీటి బొట్టేమైనా చేరిందా అని వెలుతురుకు పట్టి చూడాలి.

ఆ ప్రయాణంలో దారిలో రెండు చోట్ల దిగడం ఎలాగూ తప్పదు. అక్కడ నింపుకుంటే గొడవే లేదు. కానీ చాలా విమానాశ్రయాల్లో దొరికేది జెట్‌లు తాగే, కిరోసిన్ లాంటి ఏటీఎఫ్. సెస్నా లాంటి వాటి పిస్టన్ ఇంజనుకు ఏవ్‌గ్యాస్ అనే విమాన పెట్రోలు కావాలి, ఏటీఎఫ్ పోస్తే గాల్లోనే ఆగిపోతుంది. ఏవ్‌గ్యాస్ దిగుమతి సరుకు కదా, అందుకే దొరకదని ఒకప్పుడు సాకుండేది. 2022 నుంచి ఇండియన్ ఆయిల్ గుజరాత్ రిఫైనరీలో దాన్ని ఇక్కడే తయారు చేస్తోంది.

ఇంకో మాట. శిక్షణ ఫీజు గంటల లెక్కన, అదీ చాలామంది అప్పు చేసి కట్టేది. ఇంధనం చాలదని వెనక్కి తిరిగితే ఆ ప్రయాణం మళ్లీ డబ్బు పెట్టి చెయ్యాలి. ఆ పిల్లాడికి 'ఎలాగో చేరిపోదాంలే' అనిపించదా? ఇంజను ఆగితే 3 వేల అడుగుల ఎత్తునుంచి సెస్నా జారగలిగేది సుమారు 8 కిలోమీటర్లు. గట్లూ కరెంటు తీగలూ లేని చోటు ఆలోపే దొరకాలి, మన వరి పొలాల్లో అది తేలిక కాదు. ఇంధనం కోసం వెనక్కి తిరిగొచ్చిన ప్రయాణానికి విద్యార్థి దగ్గర పైసా తీసుకోకూడదని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన పెట్టాలి.

పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం ఎంపీయే. వరంగల్ దగ్గర మామునూరులో మళ్లీ విమానాశ్రయం కట్టేటప్పుడు ఏటీఎఫ్‌తో పాటు ఏవ్‌గ్యాస్‌కూ చిన్న ట్యాంకు ప్లానులోనే పెట్టించాలని ఆయనకు మనవి.

- ఒక విశ్రాంత విమాన మెకానిక్, బోయిన్‌పల్లి, సికింద్రాబాద్