మెదడు స్టిమ్యులేటర్ బ్యాటరీ మార్పిడిని వెయిటింగ్ లిస్టులో పెట్టకండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) వంటి వాటికి మెదడు లోతుకు తీగ దించి కొద్దిపాటి కరెంటు పంపే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ (డీబీఎస్) ఆపరేషన్‌కు ప్రభుత్వ సాయం ఇవ్వడం మంచి నిర్ణయం. కానీ ఆ సాయం కుట్లు విప్పే రోజుతో ఆగిపోకూడదు. ఈ పరికరాలను ప్రోగ్రామింగ్ చేసే, అంటే రోగికి తగ్గట్టు కరెంటు సెట్టింగులు సరిచేసే వైద్యులు, నర్సులుగా మేము కోరేది ఇదే.

ఇందులో మెదడులోకి దించే తీగ మందం 1.27 మిల్లీమీటర్లు. దాని కొసన కరెంటు వదిలే లోహపు కాంటాక్టులు నాలుగు, కొత్తవాటిలో ఎనిమిది ఉంటాయి. చెవి వెనక నుంచి చర్మం కిందుగా మరో తీగ ఛాతీపై చర్మం కింద అమర్చిన, కరెంటు పుట్టించే పల్స్ జనరేటర్ దాకా దిగుతుంది. బ్యాటరీ అందులోనే ఉంటుంది.

తీగ దించినప్పుడు కలిగే వాపు వల్లే కొన్నాళ్లు వణుకు తగ్గుతుంది. అది నిజమైన ఫలితం కాదు. అందుకే రెండు నుంచి నాలుగు వారాలు ఆగి, ముందు రాత్రి నుంచి మందులు ఆపించి ప్రోగ్రామింగ్ మొదలుపెడతాం. సెకనుకు 130 పల్సులు (130 హెర్ట్జ్), ఒక్కో పల్సు 60 మైక్రోసెకన్ల దగ్గర ఉంచి, ఒక్కో కాంటాక్టుకు కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ చూస్తాం. మణికట్టు బిగువు ఎక్కడ సడలిందో, మాట ఎక్కడ ముద్దబడిందో రాసుకుంటాం. మాట ముద్దబడినా, మూతి ఓ పక్కకు లాగినా కరెంటు పక్కనున్న నరాల కట్టలోకి పాకుతోందని అర్థం. గంటలు పట్టే ఈ పనికి, నెలల తరబడి జరిగే సవరణలకు చెల్లింపుల జాబితాలో విడిగా పద్దు ఉండాలి.

అసలు ప్రమాదం బ్యాటరీతో. రీఛార్జ్ కాని రకం సెట్టింగులను బట్టి సుమారు మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది. పార్కిన్సన్స్ రోగికి సబ్‌థలామిక్ న్యూక్లియస్‌లో (కదలికలను నియంత్రించే, మెదడు లోతులోని చిన్న భాగం) డీబీఎస్ పెట్టాక మాత్రలు బాగా తగ్గిస్తాం. ఏళ్ల తర్వాత బ్యాటరీ హఠాత్తుగా ఆగితే ఒళ్లు కొయ్యబారుతుంది, మింగుడు పడదు, కొందరికి తీవ్ర జ్వరం వచ్చి ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు మాత్రలు పెంచినా చాలామందికి సరిపోదు, జనరేటర్ మార్చాల్సిందే. కాబట్టి దీన్ని ఎమర్జెన్సీ ఆపరేషన్ల జాబితాలో చేర్చండి. బ్యాటరీ తగ్గిందన్న హెచ్చరిక కనిపించగానే అనుమతి ఇచ్చేయాలి. కంపెనీకో రకం కనెక్టర్ ఉంటుంది గనుక ప్రతి డీబీఎస్ కేంద్రంలో ఆయా జనరేటర్లు, అడాప్టర్లు నిల్వ ఉండాలి.

అందరికీ రీఛార్జ్ రకమే ఇస్తే చాలదా అనవచ్చు. ఛార్జర్‌ను ఛాతీ మీద సరైన చోట ఆనించి ఉంచే మనిషి ఇంట్లో లేకపోతే అదీ ఆగిపోతుంది.

కొనుగోలు ఒప్పందంలో విడిభాగాలు, ప్రోగ్రామింగ్ చేసే యంత్రం, సాఫ్ట్‌వేర్ పరికరం జీవితకాలమంతా ఇస్తామన్న హామీ రాయించండి. క్లస్టర్ తలనొప్పికి (ఒక కంటి చుట్టూ విడతలుగా వచ్చే తీవ్రమైన నొప్పి) స్టిమ్యులేటర్ తయారుచేసిన ఆటోనామిక్ టెక్నాలజీస్ కంపెనీ 2019లో మూతపడితే, పరికరం ఒంట్లో ఉన్నవాళ్లు దిక్కుతోచని స్థితిలో పడ్డారు.

ఫిజియోథెరపీ విభాగాలన్నింటికీ ఓ ఉత్తర్వు వెంటనే పంపించండి. డీబీఎస్ ఉన్నవారికి ఒంట్లో ఎక్కడా డయాథెర్మీ (తరంగాలతో ఒంటి లోపలికి వేడి పుట్టించే చికిత్స) పెట్టకూడదు. ఆ శక్తి తీగల గుండా పాకి కొస దగ్గర మెదడును కాల్చేస్తుంది. ఎంఆర్ఐకి ముందు కూడా పరికరం మోడల్, తీగల ఇంపెడెన్స్ (కరెంటుకు అవి ఇచ్చే అడ్డు) తప్పక చూడాలి.

ఇట్లు,
డీబీఎస్ ప్రోగ్రామింగ్ వైద్యులు, నర్సులు