విప్పడానికి వీలుగా చేసిన ఫిడేలు

నగోయా,
నవంబరు 17.

ప్రియమైన నరసింహమూర్తికి,

ఉభయకుశలోపరి. నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. జవాబు ఆలస్యమైనందుకు కోప్పడకు. నువ్వు అడిగినదానికి నోటికొచ్చింది రాసేయడం ఇష్టం లేక, రెండు ఆదివారాలు ఇక్కడి ఒక ఫిడేలు పనివాడి గదిలో కూర్చుని, చూసి వచ్చి రాస్తున్నాను. "జపాను ఫిడేళ్లని అంతగా మెచ్చుకుంటావు, అవన్నీ యంత్రాల మీద వచ్చేవే కదా, పైగా పరాయి దేశపు వాద్యాన్ని చూసి కాపీ కొట్టినవే కదా" అన్నావు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన విజయనగరంలో, నేల మీద మఠం వేసుకుని కూర్చుని, ఫిడేలు తలను పాదం మీద ఆనించి త్యాగరాజ కీర్తన వాయించే నీకు 'పరాయి దేశపు వాద్యం' అనే మాట ఎలా తట్టిందో నాకు అంతుబట్టలేదు సుమా.

కాపీ సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందులో అబద్ధం లేదు. ఈ నగోయాలోనే 1859లో సుజుకి మసాకిచి అనే ఆయన ఒక చిన్నపాటి సమురాయి కుటుంబంలో పుట్టాడు. వాళ్ల ఇంట్లో షామిసెన్లు చేసేవారు. షామిసెన్ అంటే పొడుగాటి మెడ, మూడు తీగలు, తోలు బిగించిన చిన్న పెట్టె ఉండే ఇక్కడి పాత వాద్యం. దేశం పడమటి పద్ధతులవైపు తిరగడంతో ఆ వ్యాపారం సన్నగిల్లింది. బడిలో పాటలు నేర్పే ఉద్యోగం దొరుకుతుందేమోనని మసాకిచి సంగీతపాఠాలకు వెళ్తూ, 1887 ప్రాంతంలో తోటి విద్యార్థి చేతిలో మొదటిసారి ఫిడేలును చూశాడు. ఒక రాత్రికి అరువు తెచ్చుకుని, తెల్లవార్లూ మేలుకుని కొలతలు తీసుకున్నాడు. కొద్ది నెలలకే తన ఫిడేలు తాను చేసుకున్నాడు. అరువు తెచ్చిన వస్తువు పై పలక ఊడదీసి చూసే ధైర్యం ఆ రాత్రి అతనికి ఉండి ఉండదని నా ఊహ. అంటే బయటి రూపం చూసి చేసినదే, లోపలి సంగతి చాలావరకు చేతి అనుభవం మీద ఊహించుకున్నదే అయి ఉండాలి. ఈ మాట ఎందుకు పట్టుకున్నానో తర్వాత చెబుతాను.

షామిసెన్ పేరు వచ్చింది గనుక ఒక పక్కమాట. ఆ వాద్యపు మెడకు ఇక్కడివాళ్లు అన్నిటికంటే మేలైనదిగా ఎంచే చెక్క పేరు 'కోకి'. అదేమిటో తెలుసా, మన శేషాచలం అడవుల ఎర్రచందనం! పట్టుబడిన దుంగల బొమ్మలను మనం రోజూ పేపర్లో చూసి పేజీ తిప్పేస్తుంటాం. అదే చెక్క ఇక్కడ ఒక పాత షామిసెన్ మెడగా నున్నగా మెరుస్తుంటే చేత్తో నిమిరి చూశాను. మన కడప జిల్లా చెట్టును నగోయాలో పలకరించినట్టయింది.

ఇక యంత్రాల సంగతి. నీ అనుమానం సగం నిజం. మసాకిచి కొన్నాళ్లకే ఫిడేలు తల మీది చుట్టను చెక్కే యంత్రాన్ని, పలకలను మలిచే యంత్రాన్ని తయారుచేసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఫిడేళ్లు మార్కెట్టుకు రాకుండా ఆగిపోయినప్పుడు అతని కార్ఖానాలో వెయ్యిమందికి పైగా పనిచేశారు. రోజుకు 500 ఫిడేళ్లు, వెయ్యికి పైగా కమానులు తయారయ్యేవి. అయితే నాకు నచ్చిన భాగం ఆ తర్వాతిది. పిల్లలకు ఫిడేలు నేర్పే సుజుకి పద్ధతిని ప్రపంచానికి ఇచ్చిన షినిచి సుజుకి ఈయన కొడుకే. అతను 1920లలో బెర్లినులో చదువుకుంటూ ఒక పాత ఇటలీ ఫిడేలు సంపాదిస్తే, దాన్ని చూసిన తండ్రి వయసు మళ్లాక మళ్లీ ఉలి పట్టుకుని, చేత్తో మేలైన ఫిడేళ్లు చేయడానికి కూర్చున్నాడు. రోజుకు ఐదు వందలు తీసినవాడు ఒక్కదాని ముందు విద్యార్థిగా కూర్చోవడం చిన్న విషయం కాదు. మసాకిచి పంపిన ఫిడేలు ఒకటి అందుకుని ఐన్‌స్టీన్ 1926లో కృతజ్ఞతగా ఉత్తరం రాశాడు.

ఇప్పుడు నేను వెళ్లిన గది గురించి. అది మన ఇంటి వంటగది కంటే పెద్దది కాదు. ఉత్తరం వైపు ఒక కిటికీ, దాని కింద బల్ల, బల్ల మీద బొటనవేలంత ఇత్తడి చిత్రికలు ఉన్నాయి. మన వడ్రంగి చిత్రికను ముందుకు తోస్తాడు, జపాను వడ్రంగి తనవైపుకు లాగుతాడు. ఇతని దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. పై పలకకు స్ప్రూస్, వెనుక పలకకు మేపుల్ వాడతారు. ఎక్కువగా యూరపు నుంచే తెప్పిస్తారు, ఉత్తరాన హొక్కైదో దీవిలో పెరిగే స్ప్రూస్‌ను వాడేవాళ్లూ ఉన్నారు. దుంగను కేకుముక్క ఆకారంలో చీల్చి, ఏళ్ల తరబడి గాలికి ఆరబెట్టి, పుస్తకం తెరిచినట్టు రెండు చెక్కలుగా తెరిచి మధ్యలో అతుకుతారు. మన బొబ్బిలి వీణను పనస దుంగలోంచి ఒక్క చెక్కగా తొలుస్తారు కదా, ఇది దానికి పూర్తిగా తిరగేసిన పని. ఇక్కడ చిన్నా పెద్దా డెబ్బై దాకా ముక్కలు కలిస్తే ఒక ఫిడేలు. పై పలక చాలాచోట్ల మూడు మిల్లీమీటర్లకు మించదు. పక్క పట్టీలైతే ఒక్క మిల్లీమీటరు. వాటిని తడిపి, కాలే ఇనుపగొట్టానికి ఒత్తి నెమ్మదిగా వంచుతారు. నేను చూస్తుండగా ఒక పట్టీ టక్కున విరిగింది. ఆయన మొహంలో ఏమీ మారలేదు, ఇంకొకటి తీసుకుని నీళ్లలో ముంచాడు.

ఆ మూల ఒక చిన్న పొయ్యి మీద గిన్నె ఉంది, దాని లోపల ఇంకో గిన్నె. అందులో తేనెరంగు బంక వెచ్చగా కదులుతోంది. దాన్ని 'నికావా' అంటారు. జంతువుల తోలు ఉడికించి తీస్తారు. వాసన భరించడం కష్టమే. ఇంత మంచి రసాయన జిగుర్లు దుకాణాల్లో దొరుకుతుంటే ఇదెందుకని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా, మరమ్మతుకు వచ్చిన ఒక ఫిడేలు తీసుకుని, మొద్దుబారిన పలుచటి కత్తిని అంచు సందులోకి పోనిచ్చి, కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ చుట్టూ వచ్చాడు. పొడిగా చిటచిటమని చప్పుడు చేస్తూ పై పలక మొత్తం చేతిలోకి వచ్చేసింది. చెక్కకు చిన్న గాటు కూడా పడలేదు. అప్పుడు చెప్పాడు: ఈ బంక చెక్క కంటే బలహీనంగా ఉండాలట. వానాకాలపు చెమ్మకు ఉబ్బి, చలికాలపు పొడిగాలికి కుంచించుకుపోయే చెక్క ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. అప్పుడు చెక్క చీలకుండా అతుకే విడిపోవాలి. విడిపోయిన అతుకును మళ్లీ వేసుకోవచ్చు. ఫిడేలు చేసేవాడు దాన్ని రేపెవడో విప్పుతాడని తెలిసే చేస్తాడన్నమాట.

నాకు వెంటనే మీ నాన్నగారి ఫిడేలు గుర్తొచ్చింది. మనం ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో దాని అంచు విడిపోతే ఒక దుకాణంలో ఇచ్చాం, గుర్తుందా? ఆ మనిషి ఎంతో నమ్మకంగా, ఇక జన్మలో ఊడదని చెప్పి, వడ్రంగులు బల్లలకు వాడే తెల్ల జిగురు పట్టించి పంపాడు. అతని మాట అక్షరాలా నిజమైంది. రెండేళ్లు తిరిగేసరికి అంచు అలాగే ఉంది కానీ పై పలక మధ్యలో నిలువునా చీలింది. ఈయనకు ఆ కథ చెబితే తల పంకించి, అలాంటివి తనకూ వస్తుంటాయని, విప్పడానికి వారం, కట్టడానికి నెల పడుతుందని అన్నాడు.

మసాకిచి లోపలి సంగతి ఊహించుకుని ఉంటాడని ఇందాక రాశాను కదా. ఫిడేలు పొట్టలో, తీగలను ఎత్తిపట్టే 'గుర్రం' అనే చిన్న చెక్క కాలికి కొంచెం వెనకగా, పెన్సిలు కంటే సన్నని ఒక స్ప్రూస్ పుల్ల పై పలకకూ వెనుక పలకకూ నడుమ నిలబడి ఉంటుంది. మీరంతా సౌండ్ పోస్ట్ అంటారు. దానికి బంక ఉండదు, మేకు ఉండదు, తీగల ఒత్తిడితో మాత్రమే నిలుస్తుంది. జపానులో దాని పేరు 'కొంచూ', అంటే ఆత్మస్తంభం. ఫ్రాన్సు, ఇటలీ భాషల్లోనూ దాన్ని ఆత్మ అనే పిలుస్తారు. ఎస్ అక్షరంలా వంగిన ఇనుపకడ్డీ మొనకు ఆ పుల్లను గుచ్చి, పైనున్న సన్నని రంధ్రంలోంచి లోపలికి పంపి, పళ్లడాక్టరు అద్దం లాంటిది పెట్టి చూసుకుంటూ ఆయన దాన్ని నిలబెట్టాడు. అర మిల్లీమీటరు జరిపి తీగ మీటాడు. మళ్లీ జరిపాడు. మొదట గొంతు పట్టేసినట్టున్న ఫిడేలు మూడోసారికి తెరుచుకుని పలికింది. తేడా నాకు కూడా తెలిసింది, ఇక నీకు చెప్పాలా!

ఈ పుల్ల గురించే ఇంకో సంగతి. 2011 మార్చి 11న వచ్చిన సునామీలో రికుజెన్‌తకతా ఊరి సముద్రతీరాన దాదాపు 70,000 పైన్ చెట్లు కొట్టుకుపోయి ఒకే ఒక్కటి నిలిచింది. టోక్యోలోని నకజవా మునెయుకి అనే ఫిడేలు పనివాడు అక్కడి శిథిలాల్లో దొరికిన కలపతో ఫిడేలు చేసి, దాని ఆత్మస్తంభాన్ని మాత్రం ఆ మిగిలిన చెట్టు ముక్కతో పెట్టాడు. సరిగ్గా ఏడాదికి అదే ఊళ్లో ఇజ్రాయెల్ ఫిడేలు విద్వాంసుడు ఇవ్రీ గిట్లిస్ దాన్ని మొదట వాయించాడు. ఆ తర్వాత వెయ్యిమంది చేతుల మీదుగా వెళ్లాలనే సంకల్పంతో అది ఊరూరా తిరుగుతోంది. అదే 2011లో ఇక్కడి నిప్పన్ మ్యూజిక్ ఫౌండేషన్ తమ దగ్గరున్న, పేరుమోసిన ఇటలీ పనివాడు స్ట్రాడివారి 1721లో చేసిన ఫిడేలును వేలానికి పెట్టి, ఒక కోటీ యాభై తొమ్మిది లక్షల డాలర్లకు అమ్మి సునామీ సహాయానికి ఇచ్చింది. రెండూ మంచి పనులే. నాకైతే ఆ శిథిలాల ఫిడేలు ఒకసారి చేతిలోకి తీసుకోవాలని ఉంది.

చిన్ షోగెన్ సంగతి చెప్పకుండా ఉత్తరం ముగిస్తే తప్పవుతుంది. ఆయన 1929లో కొరియాలో పుట్టి, చిన్న వయసులో జపాను చేరాడు. టీచరు కావాలని చదువుకున్నా, కొరియావాడు కాబట్టి ఉద్యోగం దొరకలేదు. అప్పుడు రాకెట్ శాస్త్రవేత్త ఇతొకవా హిదెవో ప్రసంగంలో స్ట్రాడివారి రహస్యం ఎవరికీ అందదనే మాట విని, అదే తన పని అనుకున్నాడు. నేర్చుకుంటానని వెళ్తే పనివాళ్లెవరూ చేర్చుకోలేదు. కిసో కొండల్లో కూలిపని చేసుకుంటూ, ఎవరి దగ్గరా కూర్చోకుండా చెక్కి, పారేసి, మళ్లీ చెక్కాడు. 1976లో అమెరికాలో జరిగిన అంతర్జాతీయ పోటీలో ఆరు విభాగాలకు గాను ఐదింటిలో బంగారు పతకం ఆయనదే. ఆ రహస్యం అందదన్న ఇతొకవా కూడా, తమాషా చూడు, దశాబ్దాల పాటు లెక్కలు కట్టి తన ఫిడేలు తాను చేసుకున్నాడు!

నువ్వు అసలు అడగనే అడగని కమాను గురించి ఇప్పుడు. వాయించేవాళ్లలో సగంమంది ఫిడేలుకు లక్ష పెట్టి కమానుకు రెండు వేలు పెడతారు, అందులో నువ్వూ ఒకడివి. కమాను బరువు 60 గ్రాముల ప్రాంతం. ఆ అరవై గ్రాములు ఎక్కడెక్కడ పంచుకుని కూర్చున్నాయన్నదే మొత్తం విద్య. మేలైన కర్ర బ్రెజిల్ తీరంలో పెరిగే పెర్నంబుకో. ఎర్రరంగు తీయడానికని యూరపువాళ్లు నరుక్కుపోయిన చెట్టు అది. పద్దెనిమిదో శతాబ్దం చివర పారిస్‌లో ఫ్రాన్స్వా తూర్త్ దానితో నేటి కమాను రూపాన్ని స్థిరపరిచాడు. అడవి తరిగిపోవడంతో 2007 నుంచి ఆ కలప అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు వచ్చింది. మన ఎర్రచందనానికి అంతకు ముందే వచ్చింది. అందుకే ఇక్కడి కమాను పనివాళ్లు పాత నిల్వలను బంగారంలా దాచుకుంటారు.

కమాను వంపు చెక్కినది కాదు. కర్రను మొదట తిన్నగానే కోసి, ఎనిమిది పలకలుగా చిత్రిక పట్టి, తర్వాత గుండ్రం చేసి, నిప్పు సెగ మీద కాస్త కాస్తగా వేడి చేస్తూ బల్ల అంచుకు ఒత్తి వంచుతారు. వంపుగా కోస్తే చెక్క నార మధ్యలో తెగి, బిగించిన మొదటి రోజే విరుగుతుంది. కింద చేత్తో పట్టుకునే నల్లచెక్క దిమ్మను జపానులో వెంట్రుకల పెట్టె అంటారు. నూటయాభై నుంచి రెండు వందల గుర్రపు తోక వెంట్రుకలను దువ్వి, దారంతో ముడివేసి, ఆ పెట్టెలోకి దించి, అచ్చంగా ఆ సందుకే చెక్కిన చిన్న చెక్కముక్కతో బిగిస్తారు. ఈసారి మన నగోయా పనివాణ్ణి అడగకుండానే నాకు అర్థమైంది. ఆ ముక్కకు బంక ఎందుకు లేదంటే, ఏడాది తిరిగేలోగా ఆ వెంట్రుకలు మళ్లీ మార్చాలి గనుక.

సంక్రాంతికి వస్తున్నాను. జనవరి 10న విశాఖలో దిగుతాను. నీ కమాను కోసం ఒక కట్ట వెంట్రుకలు, ఆయనే చెక్కి ఇచ్చిన నాలుగు చెక్కముక్కలు తెస్తున్నాను. ఎడమచేతి వేళ్లకు రాసుకునే కొబ్బరినూనెను వాటికి తగలనివ్వకు. వాయించాక మర తిప్పి కమాను వదులు చేయమని ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను, ఇంకోసారి చెబుతున్నాను. మీ నాన్నగారి ఫిడేలు అటక మీదే ఉంటే దించి, చీలిన చోటా జిగురు పట్టిన అంచూ పగటి వెలుతురులో దగ్గరగా ఫోటోలు తీసి పంపు. ఇక్కడి పనివాడికి చూపిస్తాను. నేను వచ్చేదాకా ఆ అంచులోకి ఎవరినీ కత్తి పెట్టనివ్వకు.

వదినగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

నీ
వేణు