లడ్డూ తింటోందండీ, థాంక్స్ చెప్పాల్సినవాళ్లు చాలామంది

నిన్న రాత్రితో వరసగా ఐదోసారి. ఇక దిష్టి తగలదులే అనుకుని రాస్తున్నా.

లడ్డూ అంటే మావాడు పెంచుకుంటున్న బాల్ పైథాన్, చిన్నరకం కొండచిలువ. భయమేస్తే తల లోపల పెట్టుకుని ఉండలా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. మేం డాలస్ దగ్గర ఉంటాం. ఆగస్టులో తెచ్చాం, వారానికో చిట్టెలుక తింటూ అక్టోబరు ఆఖరుకి 210 గ్రాములకి వచ్చింది, అంతా బాగానే ఉంది. నవంబరులో షాపుకెళ్తే చిట్టెలుకలు అయిపోయాయి, పెద్దవి పెట్టండి, త్వరగా పెరుగుతుంది అన్నాడు కౌంటర్లో కుర్రాడు. నేనూ బుర్ర ఊపి నాలుగెలుకల ప్యాకెట్ తెచ్చేశా. తూచాలని కూడా తోచలేదు. తర్వాత మిగిలినవి తూచితే ఒక్కోటీ 60 గ్రాముల పైనే ఉంది, అంటే దాని బరువులో దాదాపు 30 శాతం ఒక్క పూటలో మింగించానన్నమాట.

మింగడానికి మింగింది పాపం. మర్నాడే మావాడు ఫ్రెండ్స్‌కి చూపిస్తానని బయటికి తీశాడు, ఆ రాత్రి మొత్తం కక్కేసింది. ఆ వాసన గురించి రాయను, భోజనాల టైమ్‌లో చదువుతారేమో.

అసలు తప్పు ఆ తర్వాత చేశా. ఆకలిగా ఉంటుందని నాలుగో రోజే చిట్టెలుకని తెచ్చి పెట్టా. ముట్టలేదు. మూడు రోజులకి మళ్లీ, మళ్లీ మూడు రోజులకి మళ్లీ. ఎలుకని ముక్కు ముందు ఆడించడం, అది తల తిప్పేసుకోవడం, వీడు ఏడవడం. ఇలా 9 వారాలు. బరువు 188కి దిగింది. మా అమ్మ గుంటూరు నుంచి ఫోన్లో కాసిని పాలు పోసి చూడరా అంటుంది, నాగులచవితికి పుట్టలో పోసినట్టు. పాములు పాలు తాగవమ్మా అంటే, మరి నీ పాము ఏం తాగుతోంది అని అడిగింది, దానికి నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు దొరికారు హ్యూస్టన్ అక్క. మా ఆవిడ కొలీగ్‌కి వదినవరస, పదేళ్లుగా పైథాన్లు పెంచుతున్నారు. అక్కా, మీరు ఆ రోజు గంటన్నర ఫోన్లో కూర్చుని ఒక్క మాట కూడా విసుక్కోలేదు. ముందు పెట్టడం ఆపు, బరువు పదో వంతు తగ్గింది కాబట్టి డాక్టరుకి చూపించు అన్నారు. పాముల్ని చూసే డాక్టరమ్మ నోరు, ఊపిరితిత్తులు చూసి, రెట్ట పరీక్ష చేయించి, జబ్బేమీ లేదని తేల్చారు. ఆవిడకీ థాంక్స్.

జబ్బంతా లడ్డూ ఉండే అద్దాల తొట్టిలోనే ఉంది. అద్దానికి అంటించిన గుండ్రటి థర్మామీటరు 90 చూపిస్తోంటే నేను నిశ్చింతగా ఉన్నా. అక్క చెప్పారని డిజిటల్‌ది నేల మీద పెట్టి చూస్తే వెచ్చటి వైపు 81 డిగ్రీల ఫారన్‌హీట్! అక్కడ 90 దాకా ఉండాలి, లేకపోతే తిన్నది అరగదు, అరగదని దానికీ తెలుసు, అందుకే తినదు. చలికాలం ఇంట్లో హీటర్ వేసి ఉంచడంతో తేమ 35 శాతం, కావాల్సింది 60 పైన. దాక్కోడానికి ఉన్నది ఒక్కటే డబ్బా, అదీ లడ్డూలు నాలుగు పట్టేంత. ఆఫ్రికాలో ఘనా, టోగో, బెనిన్ వైపు ఇవి ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో ఉంటాయట, ఒళ్లు నాలుగు వైపులా తగులుతుంటేనే ధైర్యం. చూశారా, మన పుట్ట లెక్కే. ఇరుకైన డబ్బాలు రెండు, వెచ్చటి వైపొకటి చల్లటి వైపొకటి పెట్టాం, మూడు పక్కలా నల్ల కాగితం అంటించాం, తొట్టి హీటర్‌కి, వేడి ఎక్కువా తక్కువా కాకుండా చూసే థర్మోస్టాట్ పెట్టాం. రెండు వారాలు నీళ్లు మార్చడం తప్ప తొట్టి జోలికి పోలేదు. ఆ రెండు వారాలు మావాడిని ఆపడం ఎంత కష్టమో నాకే తెలుసు.

ఎర సైజు సంగతి మా వీధి చివర ఉండే అమెరికన్ పెద్దాయన నేర్పారు. పాము నడుం ఎంత లావుందో ఎలుక అంతే లావుండాలి, పిల్ల పాముకైతే బరువులో 10 నుంచి 15 శాతం, కక్కిన పాముకి ఇంకా తక్కువతో మొదలుపెట్టినా తప్పులేదు అని, తన వంటింటి స్కేలు తెచ్చి ఇచ్చేశారు. బతికున్న ఎలుకని వేద్దామా అంటే మాత్రం గట్టిగా వద్దన్నారు. ఆకలిలేని పాముని ఎలుకే కొరికేస్తుందట. ఫ్రోజెన్‌దే ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి (కూరల పక్కన ఎలుకలా అని మా ఆవిడ గరాజ్‌లోకి వేరే చిన్న ఫ్రిజ్ కొనిపించింది, అది వేరే కథ), జిప్ కవర్‌లో వేసి వేడినీళ్లలో ముంచి, తల దగ్గర 100 డిగ్రీల ఫారన్‌హీట్ వచ్చాక పొడవాటి పట్టకారుతో పెట్టాలి. మైక్రోవేవ్ వద్దేవద్దు. పై పెదవి మీది గుంటలతో అది వేడిని పసిగడుతుంది, చల్లారితే దాని దృష్టిలో అది ఎరే కాదు.

మొదటి రాత్రి 18 గ్రాముల చిట్టెలుక, లైట్లు ఆర్పి పెట్టాం. వాసన చూసి వెనక్కెళ్లిపోయింది. పాత నేనైతే మర్నాడే మళ్లీ పెట్టేవాణ్ణి. వారం ఆగాం. రెండోసారి టప్పున పట్టి చుట్టేసింది, చీకట్లో నేనూ మావాడూ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. వెంటనే అక్కకి మెసేజ్ పెడితే, రెండు రోజులు చెయ్యి వెయ్యనివ్వకు వాణ్ణి, అని మాత్రం రిప్లై.

ఇప్పుడు 226 గ్రాములు. మధ్యలో ఓసారి కుబుసం విడిచింది, చిరగకుండా ఒకే తొడుగులా వచ్చింది, మావాడు దాన్ని స్కూలుకి పట్టుకెళ్లాడు.

అక్కా, పెద్దాయనా, డాక్టరమ్మా, అర్ధరాత్రి నా మెసేజ్‌లు భరించిన మిగతా మిత్రులూ, చాలా చాలా థాంక్స్. పెద్దాయన తెలుగు చదవలేరు కాబట్టి రేపు పులిహోర పట్టుకెళ్లి చెప్తాం. ఆ 60 గ్రాముల ఎలుకలు ఇంకా మూడు గరాజ్‌లో ఉన్నాయి, నవంబరులో కొన్నవి, కరగనివ్వలేదు. 600 గ్రాములు దాటిన పాము ఎవరి దగ్గరైనా ఉంటే వచ్చి తీసుకెళ్లండి, మా ఆవిడ కూడా మీకు థాంక్స్ చెప్తుంది.