కెమెరాలు సరే, డిస్క్ బతికే ఉందా?

సంపాదకులకు నమస్కారం.

దొంగతనం వార్తల్లో 'సీసీ కెమెరాలున్నా ఫుటేజీ దొరకలేదు' అన్న మాట తరచూ చదువుతుంటాం. మా సికింద్రాబాద్ అపార్ట్‌మెంట్‌లోనూ పోయిన వేసవిలో అదే జరిగింది. సెల్లార్‌లో బైక్ పోతే డీవీఆర్ (కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే పెట్టె) తెరిచి చూశాం, వారాల తరబడి రికార్డింగే లేదు. టీవీలో మాత్రం గేటూ మెట్లూ రోజూ చక్కగా కనబడుతూనే ఉన్నాయి, ఎందుకంటే లైవ్ చూడటానికి హార్డ్‌డిస్క్ అక్కర్లేదు, దాచుకోవడానికే కావాలి. అడిగితే 'వేడికి పోయుంటుంది సార్' అన్నారు ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) వాళ్లు.

ఈ జవాబుతో ఊరుకోకూడదనే ఈ ఉత్తరం. దాదాపు ప్రతి హార్డ్‌డిస్క్‌లోనూ స్మార్ట్ అనే ఏర్పాటు ఉంటుంది. డిస్క్ తన ఉష్ణోగ్రత ఎంత, ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని చోట్లు పాడై వాటి బదులు స్పేర్ చోట్లు వాడుకుంది, ఇంకా ఎన్ని చోట్లు చదవబోతే మొరాయిస్తున్నాయి, ఇవన్నీ తనే లెక్క రాసుకుంటుంది. వీటిలో చివరి రెండు లెక్కలు సున్నా దాటి పెరుగుతున్నాయంటే ఫుటేజీ కాపీ చేసుకుని కొత్త డిస్క్ కొనుక్కోవడమే మంచిది. చాలా డీవీఆర్‌ల మెనూలో ఈ పట్టిక చూసుకోవచ్చు, డిస్క్ ఎర్రర్ వస్తే బజర్ మోగేలా, మెయిల్ వచ్చేలా కూడా పెట్టుకోవచ్చు. మా దాంట్లో మెయిల్ అడ్రస్ అసలు ఇవ్వనేలేదు, బజరేమో గోల భరించలేక ఎవరో ఆఫ్ చేసేశారు!

స్మార్ట్ అన్నీ ముందే చెప్పేస్తుందని కాదు. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కులను గమనించి రాసిన పరిశోధనలో, డిస్క్ ఉపరితలాన్ని తనిఖీ చేసే స్కాన్‌లో మొదటి లోపం బయటపడ్డ డిస్క్ 60 రోజుల్లోపు పోయే అవకాశం, లోపం లేనివాటికంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. కానీ అదే పరిశోధనలో, పోయిన డిస్కుల్లో మూడో వంతుకు పైగా ఏ హెచ్చరికా ఇవ్వకుండానే పోయాయి. వేడికీ డిస్కులు పోవడానికీ అందరూ అనుకున్నంత గట్టి సంబంధం కూడా వాళ్లకు కనబడలేదు. అలాగని డీవీఆర్‌ను మెట్ల కింద గాలాడని అరలో తోసేయమని కాదు, కానీ ప్రతిదానికీ ఎండ మీద నెపం వేస్తే ఎలా?

2013 నాటి ప్రజా భద్రత చట్టం జనం ఎక్కువగా వచ్చే సంస్థలను 30 రోజుల ఫుటేజీ ఉంచమంటోంది. ఇళ్ల సముదాయాలూ ఆ లెక్కే పాటిస్తే నష్టమేమీ లేదు. అసోసియేషన్ల వాళ్లకు నా విన్నపం: ఏఎంసీ రెన్యువల్ చేసేటప్పుడు నెలనెలా స్మార్ట్ పట్టిక ఫొటో తీసి గ్రూపులో పెట్టాలని కాగితం మీద రాయించుకోండి, లేకపోతే డబ్బు కట్టకండి. కెమెరాల గురించి చెప్పడానికి కాలనీలకొచ్చే పోలీసులు కూడా ఎన్ని ఉన్నాయని అడిగి వదిలేయకుండా, నెల కిందటి తేదీ ఒకటి చెప్పి ఆ రోజు రికార్డింగ్ చూపించమంటే బాగుంటుంది.

– ఒక అపార్ట్‌మెంట్ వాసి, సికింద్రాబాద్